మల్లప్పకొండ కింద మా పల్లె, బంగారం మైను రాకముందు ఊరు ఉన్నిందా లేదా? తెలిసినోళ్ళు చెప్పండి

కొండకిందోడు
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. నేను ఉండేది తిరుపతిలో, కొర్లగుంట. సొంతూరు కుప్పం పక్క, గుడుపల్లె మండలం, మల్లప్పకొండ కింద. ఊరి పేరు రాయను, 40 ఇండ్లు కూడా లేవు, రాస్తే మా ఇంటి గడప ఏ దిక్కుకుందో కూడా చెప్పేస్తారు మీరు.

సంగతేందంటే మా పాపకి ఎనిమిదో తరగతిలో సొంతూరి చరిత్ర రాసుకురమ్మన్నారంట. రాత్రి అన్నం తింటా అడిగింది, నాయనా మన ఊరు ఎట్ల పుట్టింది అని. మైను పెట్టినారు, పనోళ్ళు వచ్చి గుడిసెలు ఏసుకున్నారు, అదే ఊరయింది అని చెప్పేసినా. మా ఇంట్లో చిన్నప్పటి నుంచి ఇదే మాట. పాప ఊరుకోదు కదా, ఏ మైను, ఎప్పుడు పెట్టినారు, ఎవరు పెట్టినారు అని ఒకటే పోరు. నాకు తెలిసింది మూడే ముక్కలు. మా నాయన అండర్‌గ్రౌండ్ పని చేసినాడు, మైను మూతపడినాక బెంగుళూరు రైలెక్కినాడు, ఇంటికొచ్చినప్పుడల్లా దగ్గేవాడు. ఇప్పుడు నాయన లేడు. అవ్వ ఉంది, ఊర్లోనే ఉంటాది, వయసు 85 దాటింది. ఫోన్లో అడిగితే "నువ్వే రా, వచ్చి అడుగు" అనింది.

ఆ పక్కోళ్ళు, మైను తెలిసినోళ్ళు ఎవరైనా ఉంటే నాలుగు మాటలు రాయండన్నా.


బంగారుపేట_బండి
శనివారం, రాత్రి 9:40

అన్నా మీది చిగురుగుంట మైనా, బిసానత్తం మైనా? రెండూ ఆ పక్కే. రెండూ భారత్ గోల్డ్ మైన్స్ కిందే ఉన్నింది, అంటే మా కేజీఎఫ్ (కోలారు బంగారు గనులు) కంపెనీ చేతిలోనే. కేజీఎఫ్ 2001 ఫిబ్రవరి 28న మూసినారు, చిగురుగుంటది కూడా ఆ యేడే మూత. మొదట్లో కేజీఎఫ్ అంతా ఇంగ్లీషోళ్ళ కంపెనీది, 1956లో మైసూరు సర్కారు తీసుకునింది, 1962లో సెంట్రల్‌కి పోయింది, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అని పేరు పెట్టినారు. పాపకి ఈ నాలుగు డేట్లు రాయించు, మార్కులు పడతాయి.


కొండకిందోడు
శనివారం, రాత్రి 9:58

చిగురుగుంట అన్నా. థాంక్స్. అయితే ఇవన్నీ కంపెనీ డేట్లు, మా ఊరి డేట్ ఒక్కటీ లేదు దీంట్లో.


పట్టుగూళ్ళు
శనివారం, రాత్రి 10:05

మాది శాంతిపురం పక్క. బంగారం ఊర్లో పుట్టినోడివి, మాకేమన్నా తునక ఉంటే పంపు సామీ, మా ఇంటామె గొలుసు బ్యాంకులో మూడేండ్ల నుంచి నిద్రపోతా ఉంది 😄


కొండకిందోడు
శనివారం, రాత్రి 10:09

మా అమ్మ మెళ్ళో నల్లపూసలు తప్ప ఏం చూడలేదు అన్నా నేను. బంగారం తవ్వినోడి ఇల్లు అది.


రాళ్ళ_మేస్టరు
శనివారం, రాత్రి 11:20

రిటైర్డ్ లెక్చరర్‌ని, రాళ్ళు చూడటమే పని. నిదానంగా చెప్తా, ఓపిక ఉంటే చదవండి.

కోలారు నుంచి కిందికి ఉత్తర దక్షిణంగా ఒక నల్లరాతి పట్టీ ఉంది, పొడవు 80 కిలోమీటర్లు, వెడల్పు చూస్తే మాత్రం నాలుగైదు కిలోమీటర్లే, అంటే చీర అంచులాగ అనుకోండి. చుట్టూ అంతా గ్రానైటు, మధ్యలో ఈ అంచు. వయసు దాదాపు 270 కోట్ల ఏళ్ళు. దాంట్లో తెల్ల పలుగురాయి చారలు దూరి ఉంటాయి, బంగారం ఉండేది ఆ పలుగురాతిలో, దాని పక్క రాతిలో. కేజీఎఫ్ ఈ పట్టీలోదే, బిసానత్తం, చిగురుగుంట, మల్లప్పకొండ దాని దక్షిణం కొస. రాష్ట్రం గీత మనుషులు గీసింది, రాయికి ఆ గీత తెలీదు.

ఆ గీతకీ బంగారానికీ ఒక లంకె కూడా ఉంది వినండి. టిప్పు పోయినాక మైసూరు రాజ్యం తూర్పు హద్దు కొలవమని జాన్ వారెన్ అనే ఇంగ్లీషు సైన్యం లెఫ్టినెంటును పంపించినారు. 1802లో ఆయన కొలుస్తా కొలుస్తా ఇప్పటి కేజీఎఫ్‌లోని ఊరిగాం, మారికుప్పం పక్క జనం మట్టి కడిగి బంగారం తీస్తారని విని, చూపించినోళ్ళకి బహుమానం ఇస్తానని చాటించినాడు. జనం బండ్లతో మట్టి తెచ్చి ఆయన కళ్ళ ముందరే కడిగి రేణువులు చూపించినారు. అంటే కంపెనీ రాకముందే అక్కడ పల్లెలు ఉండినాయి, పని తెలిసిన జనం ఉండినారు. గని తవ్విన ఇంగ్లీషోళ్ళ జాన్ టేలర్ కంపెనీ కోలారుకు వచ్చింది 1880లో, వారెన్ తర్వాత 78 ఏళ్ళకి.

కాబట్టి నాయనా, "మైను పెట్టినాక పుట్టిన ఊరు" అని పాప నోట్‌బుక్కులో అప్పుడే రాయించొద్దు. నాకు నమ్మకం కుదరడం లేదు.


కొండకిందోడు
ఆదివారం, పొద్దున 6:50

సార్ రాత్రి ఇది చదివి నిద్ర పట్టలేదు. ఒకటి అడగాలి. మా ఊరి పైన మేకలు తోలే దోవలో ఒక పెద్ద బండ ఉంది, దాని నిండా గుంతలు, గుండ్రంగా రోలు మాదిరి నున్నగా ఉంటాయి. పాండవుల రోళ్ళు అంటారు, భీముడు సంగటి గెలికినాడు అని మా అవ్వ కథ. చిన్నప్పుడు వాటిల్లో వాననీళ్ళలో కాగితం పడవలు ఏసేవాళ్ళం. దీనికీ మైనుకీ ఏమన్నా సంబంధం ఉంటుందా?


రాళ్ళ_మేస్టరు
ఆదివారం, పొద్దున 7:15

ఉండొచ్చు! పాత బంగారు తవ్వకాలున్న చోట్లలో ఇట్లాంటి రోళ్ళు కనిపిస్తాయి. పలుగురాయిని తెచ్చి ఆ గుంతల్లో దంచి, పిండి చేసి, నీళ్ళలో కడిగేవాళ్ళు. బరువుకి బంగారం అడుగున ఆగుతుంది, ఇసక కొట్టుకుపోతుంది. మరి రాయిని ఎట్ల పగలగొట్టేవాళ్ళు అంటే, మందుగుండు లేని కాలం కదా, రాతికి ఆనించి కట్టెలు పేర్చి మంట పెట్టేవాళ్ళు, బాగా కాలినాక నీళ్ళు కొట్టేవాళ్ళు, టపటపా పగిలేది. కేజీఎఫ్‌లో ఛాంపియన్ రీఫ్ అనే గనిలో ఇంగ్లీషోళ్ళు దిగేసరికి లోపల పాతోళ్ళ తవ్వకాలు కనబడినాయి, అక్కడ దొరికిన కట్టె ముక్కల్ని కార్బన్ పరీక్ష చేస్తే సుమారు 1,500 ఏళ్ళ నాటివని తేలింది.


కుప్పం_ఖలేజా
ఆదివారం, పొద్దున 9:30

మేస్టరు గారు తప్పుగా అనుకోవద్దు, గుంత కనిపిస్తే చాలు బంగారం అంటే ఎట్ల సార్. మా తాత ఊర్లో కూడా బండమీద రోళ్ళున్నాయి, ఆడ బంగారం లేదు మన్నూ లేదు, రాగులు, కొర్రలు దంచుకునేవాళ్ళు ఆడోళ్ళు, మా అవ్వ దంచింది నేను కళ్ళారా చూసినా. ఊరికే ప్రతిదానికీ 2,000 ఏళ్ళ చరిత్ర అంటిస్తే పాపకి టీచరు సున్నా ఏస్తాది.


రాళ్ళ_మేస్టరు
ఆదివారం, పొద్దున 10:02

కుప్పం_ఖలేజా బాబూ, నువ్వు చెప్పింది న్యాయమే, ఒప్పుకుంటున్నా. రోలు చూసి తేల్చలేం. రోలు చుట్టూ చూడాలి. పలుగురాయి చిన్న చిన్న ముక్కలుగా, కొట్టినట్టు పగిలి, దిబ్బలాగ పడుంటే అది ధాన్యం రోలు కాదు, రాగులకి పలుగురాయితో పనేముంది. గుండ్రటి దంపుడు రాళ్ళు, ఒక పక్క అరిగిపోయినవి, ఉంటాయేమో చూడాలి. దగ్గర్లో నేల పొడుగ్గా కాలవలాగ కుంగి, చెట్లు గుబురుగా పెరిగి ఉంటే అది పూడిపోయిన పాత తవ్వకం కావచ్చు. ఈ మూడూ ఉంటే అప్పుడు మాట్లాడదాం. కొండకిందోడు, ఎప్పుడు పోతున్నావు ఊరికి?


కొండకిందోడు
ఆదివారం, పొద్దున 10:20

వచ్చే శనివారం పోతా సార్. పాపని కూడా తీసుకుపోతా.


మారికుప్పం_ఆడపడుచు
ఆదివారం, మధ్యాహ్నం 2:45

నేను కేజీఎఫ్ లైన్లలో, అంటే కూలోళ్ళ ఇండ్ల వరసల్లో, పుట్టినదాన్ని, పెండ్లై చిత్తూరొచ్చినాను. మా తాత చిత్తూరు పక్క పల్లె నుంచి నడుచుకుంటా పోయి కూలికి చేరినాడంట, అప్పటికింకా చిత్తూరు జిల్లానే లేదు, 1911 దాకా అంతా నార్త్ ఆర్కాటే కదా. కరువొస్తే మన పక్కోళ్ళకి దిక్కు మైనే. ఇంటి ముందర అరవం, బజార్లో కన్నడం, మా అమ్మ తిట్టేది మాత్రం తెలుగులో, అందుకే నాకు తెలుగు బాగా వచ్చు 😀

ఒకటే గది మా ఇల్లు. ఆ గదిలో ఏడుగురం. నైట్ షిఫ్ట్ చేసి నాయన నిద్రపోతా ఉంటే మేం బయట గట్టు మీద కూర్చుని చదువుకునేది. గుండెలు జారిపోయేది ఎప్పుడంటే, భూమి లోపల నుంచి ధబ్ మని ఒక సద్దు వచ్చి ఇంట్లో బోకులన్నీ గలగలమనేవి, అది బ్లాస్టింగు కాదు, లోపల రాయే బరువుకి తాళలేక పగలడం. మూడు కిలోమీటర్ల కంటే లోతుకి దిగినారు ఛాంపియన్ రీఫ్‌లో, పైన కొండంత బరువు. సద్దు వస్తే లైన్లలో ఆడోళ్ళందరూ షాఫ్ట్ (గనిలోకి దిగే బావి) దిక్కు పరిగెత్తేది, కేజ్ (మనుషుల్ని దించి ఎక్కించే లిఫ్టు) పైకొచ్చి మన మనిషి మొహం కనబడేదాకా ఎవరూ మాట్లాడేది లేదు.

1902లోనే కావేరి మీద శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చినారు కేజీఎఫ్‌కి, బెంగుళూరు కంటే ముందు. ఆ కరెంటు మిషన్లకి, దొరల బంగళాలకి. మా లైన్లలో కిరసనాయిల్ బుడ్డి ఎన్నేండ్లు ఉన్నిందో మా అవ్వ చెప్తా ఉంటే నవ్వాలో ఏడ్వాలో తెలిసేది కాదు.

ఇంకోటి, మీ నాయన దగ్గు అన్నారు చూడండి, అది సిలికోసిస్ అయ్యుండొచ్చు. పలుగురాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంటాది, ఇంక దిగదు. ఇది మైను వల్ల వచ్చే జబ్బేనని ఒప్పుకుని నష్టపరిహారం కిందికి తెచ్చింది 1940లో. కంపెనీ వచ్చిన 60 ఏండ్లకి. అంతకు ముందు పోయినోళ్ళంతా టీబీ లెక్కలోనో, ఏ లెక్కా లేకుండానో పోయినారు.


కొండకిందోడు
ఆదివారం, సాయంత్రం 4:10

అక్కా, మా నాయనకి కూడా టీబీ అనే రాసిచ్చినారు ఒక ఆసుపత్రిలో. ఆరు నెల్లు మాత్రలు మింగినాడు. తగ్గలేదు. మైనులో పనిచేసినావా అని ఒక్కరూ అడగలేదు, మాకు చెప్పాలనీ తెలీదు.


మారికుప్పం_ఆడపడుచు
ఆదివారం, సాయంత్రం 4:25

తెలుసు తమ్ముడూ. మా చిన్నాయనకీ అంతే.


కంగుంది_కోట
ఆదివారం, రాత్రి 8:30

రెవెన్యూలో పనిచేసి రిటైర్ అయినా. ఊరి వయసు తేలాలంటే రాళ్ళ కంటే కాగితాలు నయం, నా అభిప్రాయం. కుప్పం పక్కంతా కంగుంది జమీను. జమీన్లు రద్దు చేసిన చట్టం 1948ది, ఆ తర్వాత సర్వే, సెటిల్‌మెంటు చేసినారు. అందుకని మీ ఊర్లాంటి ఎస్టేటు ఊర్లకి మిగతా చోట్ల మాదిరి డైగ్లాట్ రిజిస్టరు (పాత సర్కారు భూమి లెక్కల పుస్తకం) అడిగితే "లేదు పో" అంటారు, మీరు అడగాల్సింది సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అంటే ఆ సెటిల్‌మెంటులో రాసిన భూమి లెక్క. తహసీల్దారు ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టండి. దాంట్లో గ్రామనత్తం, అంటే ఇండ్లుండే స్థలం, ఏ సర్వే నంబరో, చెరువు, శ్మశానం, గుడి మాన్యం ఉంటే అదీ రాసి ఉంటాది. ఆ కాలానికే నత్తం, శ్మశానం ఉన్నాయంటే దానర్థం ఏంది? జనం అప్పటికే పుట్టి, చచ్చి ఉండారని. మీ పక్క భారత్ గోల్డ్ మైన్స్ వచ్చింది దాని తర్వాతే కదా.

మామూలు ఊరికి నత్తం వేరేగా ఉంటాది, మీది హామ్లెట్, అంటే పెద్దూరి శివారు పల్లె అయితే పెద్దూరి కిందే కలిపేసి రాసుంటారు, పెద్దూరి పేరుతోనే అడగండి. లేదంటే నెలరోజులు తిప్పుతారు.


పట్టుగూళ్ళు
ఆదివారం, రాత్రి 8:52

నెలరోజులా, నేను మా నాన్న పాస్‌బుక్‌కి రెండేండ్లు తిరిగినా సార్ 🙏


బంగారుపేట_బండి
సోమవారం, పొద్దున 5:55 (రైల్లోంచి)

బిసానత్తం స్టేషన్ దాటతా ఉన్నా, మీ తగువు చదువుతా నవ్వుకుంటున్నా. దినామూ ఈ రైల్లో కుప్పం, గుడుపల్లె, వరదాపురం, బిసానత్తం నుంచి ఎంతమంది బెంగుళూరు కూలికి పోతారో చూస్తే మైను మూతపడి ఎవరి బతుకు ఏమైందో తెలుస్తాది. మా నాయన చెప్పేవాడు, మొదట్లో టన్ను రాయికి 40 గ్రాముల పైన పడేదంట, మూసేసే టైముకి 3 గ్రాములు కూడా లేదు, అందుకే నష్టం నష్టం అని తలుపులేసినారు.


కుప్పం_ఖలేజా
సోమవారం, పొద్దున 8:15

అయితే చిగురుగుంట, బిసానత్తం మళ్ళీ వేలం పెట్టినారు కదా, సెంట్రల్ సర్కారు గనుల కంపెనీ ఎన్‌ఎండీసీకి వచ్చింది. అందులో ఉన్న రాయి 18.3 లక్షల టన్నులు, టన్నుకి 5.15 గ్రాములు అని లెక్క. మొత్తం గుణిస్తే తొమ్మిదిన్నర టన్నుల బంగారం దగ్గరికి వస్తాది. మళ్ళీ తెరిస్తే మనోళ్ళకి పనులు దొరకతాయి.


మారికుప్పం_ఆడపడుచు
సోమవారం, పొద్దున 11:30

5.15 గ్రాములంటే బాబూ, నాలుగు టన్నుల ట్రాక్టరు లోడు రాయి తవ్వి, పైకి లాగి, పిండి చేసి, బంగారం విడదీసే సైనైడ్ మందులో నానేస్తే రెండున్నర సవర్లు. మిగతా నాలుగు టన్నుల పిండి యాడ పోస్తారు? మా ఊర్లో పోసినారు గుట్టలు గుట్టలుగా, సైనైడ్ దిబ్బలంటాం, ఎండాకాలం గాలి తోలితే ఆ పిండి ఇంట్లో అన్నం మీద, ఆరేసిన గుడ్డల మీద. తెరవొద్దు అనను. దిబ్బ ఎవరి ఊరి మీదికి పోస్తారో ముందే అడిగి పెట్టుకోండి అంటున్నా.


కుప్పం_ఖలేజా
సోమవారం, పొద్దున 11:41

అది నేను ఆలోచించలేదు అక్కా. కరెక్టే.


గుడుపల్లె_కుర్రోడు
సోమవారం, సాయంత్రం 6:00

అన్నా పాత షాఫ్ట్ దగ్గరికి పాపని తీసుకుపోవద్దు. పంపులు ఆపేసినాక లోపలంతా నీళ్ళు నిండుతాయి, గాలి ఉండదు. 2020లో మారికుప్పంలో దొంగతనంగా దిగిన ముగ్గురు లోపలే పోయినారు. బండ చూసుకుని వచ్చేయండి. ఇంకా, ఈ నెల్లో ఏనుగులు మల్లప్పకొండ మీదే తిరగతా ఉండాయి, పొద్దున ఎండెక్కినాకే పోండి, సాయంత్రం నాలుగుకంతా దిగేయండి. మేకలోళ్ళని అడిగితే గుంపు ఏ పక్క ఉందో చెప్తారు.


కొండకిందోడు
ఆదివారం, రాత్రి 10:35

పోయొచ్చినా. పెద్దగా రాస్తున్నా, తిట్టుకోవద్దండి.

శనివారం మధ్యాహ్నానికి ఊరు చేరినాం. అవ్వ పాపని చూసి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి చేసింది. తిన్నాక మెల్లిగా అడిగినా, అవ్వా మన ఊరు మైను పెట్టినాక వచ్చిందే కదా అని. నా మొహం చూసి "ఎవుడు చెప్పినాడు?" అనింది. నాయనే చెప్తా ఉన్నాడు కదా అంటే, "మీ నాయన మైనుకి పోయినాక పుట్టినోళ్ళు మీరు, మీకు అట్లనే అనిపిస్తాది. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు మైనూ లేదు, రోడ్డూ లేదు, పై కొట్టంలో మీ ముత్తాత ఉన్నాడు" అనింది. ఇన్నేండ్లు మా ఇంట్లో ఎవరమూ అవ్వని ఈ ముక్క అడగలేదు చూడండి.

ఇంకా చెప్పింది. వాన బాగా పడిన యేడు జాలగడిగేటోళ్ళు వచ్చేవాళ్ళని తన అత్త చెప్తా ఉన్నిందంట. చెక్కతో చేసిన చాట మాదిరిది తెచ్చి, వంకలో ఇసక ఎత్తి, నీళ్ళలో ఆడించి ఆడించి, అడుగున మిగిలింది మూట కట్టుకుపోయేవాళ్ళంట. ఊర్లో వాళ్ళకి దిగను చోటు ఇచ్చి రాగులు ఇచ్చేవాళ్ళు. వాళ్ళు పోతా పోతా ఏమిచ్చేవాళ్ళు అంటే, అవ్వ నవ్వి "ఏమిస్తారు, పోయొస్తాం అనేవాళ్ళు" అనింది.

ఈ పొద్దు ఎండెక్కినాక బండ దగ్గరికి పోయినాం, పక్కింటి చిన్నాయన తోడొచ్చినాడు. మేస్టరు గారు చెప్పిన మూడూ వెతికినాం. రోళ్ళు పాప లెక్కపెట్టింది, 14. బండకి దిగువ పక్క మేం తెల్లదిబ్బ అని పిలిచేది ఒకటి ఉంది, గడ్డి మొలవదు, చిన్నప్పుడు దాని మీద జారుడు బండ ఆడేది. ఇన్నేండ్లు అది మైను వాళ్ళు పోసిన కంకర అనుకున్నా. చేత్తో ఎత్తి చూస్తే అన్నీ పలుగురాళ్ళే సార్, గోలీకాయంత, చింతగింజంత, అంచులు పదునుగా. లారీ దోవ ఆడికి లేనే లేదు, ఇప్పుడు కూడా కాలిబాటే. కంపెనీ కంకర ఆడికెట్ల వస్తాది? దంపుడు రాయి మాత్రం దొరకలేదు. నేల కుంగిన చోటు ఒకటి చిన్నాయన చూపించినాడు, గుంతంతా కలేచెట్లు, లంటానా, లోపలికి పోనీలేదు.


రాళ్ళ_మేస్టరు
ఆదివారం, రాత్రి 11:05

మూడింట్లో రెండు! తెల్లదిబ్బ ఫోటో పెట్టు నాయనా, పక్కన పెన్నో, రూపాయి బిళ్ళో పెట్టి తీసింది. కుప్పం_ఖలేజా ఏమంటావు?


కుప్పం_ఖలేజా
ఆదివారం, రాత్రి 11:12

దిబ్బ సంగతి ఒప్పుకుంటున్నా సార్. 2,000 ఏళ్ళు మాత్రం ఇప్పుడే ఒప్పుకోను 😄


కంగుంది_కోట
సోమవారం, పొద్దున 6:20

అర్జీ పెట్టినారా?


కొండకిందోడు
సోమవారం, పొద్దున 7:30

శనివారం ఆఫీసు లేదు సార్, చిన్నాయన ఈ పొద్దు పెడతానన్నాడు, పెద్దూరి పేరుతోనే.

మేస్టరు గారూ ఫోటోలు రాత్రికి పెడతా. ఇంకోటి మర్చిపోయినా. ఆ 14 రోళ్ళల్లో పైనుండే మూడింటికి మా ఊరోళ్ళు వేరే పని పెట్టుకున్నారు. మొదటి వానకి పై రోలు ఒక్కటి నిండితే దుక్కి, రెండు నిండితే చెనిక్కాయ విత్తనం, మూడూ పొర్లితే చెరువుకి నీళ్ళు వస్తాయని లెక్కంట. అవ్వకి కొండెక్కే శక్తి లేదు ఇప్పుడు, మేకలోళ్ళు దిగి వస్తా ఉంటే "ఎన్ని నిండినాయిరా" అని గడపలోంచే అడగతాది. పాప నోట్‌బుక్కులో నేను చెప్పిన మొదటి లైను కొట్టేసి దీంతో మొదలుపెట్టింది. మైను రెండో పేజీకి పోయింది.


పట్టుగూళ్ళు
సోమవారం, పొద్దున 7:41

మొన్న మాకు వాన పడింది. మీకెన్ని నిండినాయి?


కొండకిందోడు
సోమవారం, పొద్దున 7:44

నిన్న చూసినప్పుడు ఒకటి, అదీ సగమే అన్నా.